హెపటైటిస్ బి మందును జంతువుల్లో పరీక్షించడం ఎలా?

హెపటైటిస్ బి వైరస్ మీద పనిచేస్తుందని ఆశ కలిగించే పదార్థం ఒకటి మీ చేతికొచ్చింది. అది కొత్తగా తయారుచేసిన మాలిక్యూల్ కావచ్చు, మొక్క నుంచి తీసిన సారం కావచ్చు. ఈ వైరస్‌ను తయారుచేసే హెప్‌జీ2.2.15 అనే కాలేయ కణాలకు ఇస్తే కల్చర్ ద్రవంలో వైరస్ డీఎన్‌ఏ తగ్గింది. "ఇక యానిమల్స్‌లో చేసి చూపించండి" అన్నారు గైడ్ గారు. ఫార్మకాలజీలోనో బయోటెక్నాలజీలోనో పరిశోధన చేస్తూ సరిగ్గా ఇక్కడికొచ్చి ఆగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మందు ఇస్తున్నంతకాలం రక్తంలో వైరస్ తగ్గడం పెద్ద విశేషం కాదు. ఇప్పటికే వాడుకలో ఉన్న ఎంటెకవిర్, టెనోఫోవిర్ ఆ పని ఎప్పుడో చేసి చూపించాయి. మందు ఆపాక వైరస్ మళ్లీ లేస్తుందా లేదా అన్న దగ్గరే కొత్త మందు సత్తా తేలుతుంది. అందుకే ప్లాన్‌ను మొదటి డోస్ నుంచి కాకుండా, చివరి డోస్ తర్వాత ఎన్ని వారాలు చూస్తారన్న దగ్గర్నుంచి వెనక్కి వేసుకుంటూ రండి. బడ్జెట్, కేజ్‌లు, ఎలుకల సంఖ్య అన్నీ దాన్నిబట్టే మారతాయి.

మందు ఎక్కడ అడ్డుపడుతుందో ముందు రాసుకోండి

ఒక కాగితం మీద వైరస్ జీవితచక్రం గీయండి. రక్తంలో తిరిగే వైరస్ కాలేయ కణం మీదున్న ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి దూరుతుంది. దాని డీఎన్‌ఏ కేంద్రకంలోకి చేరి పూర్తి వలయంగా మూసుకుంటుంది. దీన్నే సీసీసీ డీఎన్‌ఏ అంటారు. అందులోంచి ఆర్‌ఎన్‌ఏలు పుడతాయి. వాటిలో ఒకటి క్యాప్సిడ్ గూట్లోకి చేరి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ జరిగి తిరిగి డీఎన్‌ఏ అవుతుంది. ఎంటెకవిర్ లాంటి మందులు ఆపేది ఈ చివరి మెట్టునే. సీసీసీ డీఎన్‌ఏ జోలికి అవి నేరుగా పోవు. తుంగను పైపైన కోస్తే గడ్డ నేలలో మిగిలినట్టు, అది కణంలో అలాగే ఉండి మందు ఆపగానే మళ్లీ మొలకేస్తుంది.

మీ మందు ఈ బొమ్మలో ఏ మెట్టు దగ్గర అడ్డుపడుతుందని మీ అనుమానం? మీరు ఎంచుకునే జంతువులో ఆ మెట్టు నిజంగా జరుగుతూ ఉండాలి. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, డబ్బంతా ఖర్చయ్యాక "అసలు ఈ ఎలుకలో ఆ మెట్టే లేదు కదా" అని రివ్యూయర్ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇంకో సంగతి. మన ఫార్మసీ కాలేజీల నుంచి "హెపటైటిస్ మీద పనిచేసింది" అంటూ వచ్చే రిపోర్టుల్లో చాలావాటిలో వైరస్సే ఉండదు. ఎలుకకు కార్బన్ టెట్రాక్లోరైడో పారాసెటమాలో ఇచ్చి కాలేయాన్ని దెబ్బతీస్తారు, సిలిమరిన్‌ను స్టాండర్డ్‌గా పెడతారు, ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) తగ్గిందని చూపిస్తారు. అది కాలేయ రక్షణ పరీక్ష. దానికి దాని విలువ ఉంది. కానీ దాన్నిబట్టి యాంటీవైరల్ అని ఒక్క ముక్క కూడా రాయకూడదు.

జంతువును ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడొద్దు. మిగతా పనంతా ఈ నిర్ణయం మీదే నిలబడుతుంది.

మామూలు ఎలుకకు హెపటైటిస్ బి సోకదు. వైరస్ పట్టుకునే తలుపు ఎన్‌టీసీపీ అని 2012లో బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం కనిపెట్టింది. ట్రీ ష్రూ అనే చిన్న జంతువు కాలేయ కణాలకు ఈ వైరస్ సోకుతుంది కాబట్టి వాళ్లు వాటితోనే ఆ తలుపును వెతికారు. మరి మనిషి ఎన్‌టీసీపీని ఎలుకలో పెడితే సరిపోతుందా అంటే, సరిపోలేదు. అదే తలుపు వాడుకునే హెపటైటిస్ డి వైరస్ సోకింది గానీ, బి మాత్రం లోపల ఎక్కడో ఆగిపోతోంది. కాబట్టి ఎలుకలో పని చేయాలంటే తలుపును తప్పించి, వైరస్ జన్యువును వేరే దారిలో కాలేయంలోకి చేర్చాలి.

అందుకు మూడు దారులున్నాయి. మొదటిది ట్రాన్స్‌జెనిక్ ఎలుక. 1995లో గిడోట్టి, చిసారి వాళ్లు తయారుచేసిన రకం కాలేయంలో వైరస్ బాగా తయారవుతుంది, ఒక ఎలుకకూ మరో ఎలుకకూ తేడా తక్కువ. ఎంటెకవిర్ లాంటి పాలిమరేజ్ మందులకూ క్యాప్సిడ్ మందులకూ ఇది చక్కగా సరిపోతుంది. కానీ వైరస్ జన్యువు ప్రతి కణంలోనూ పుట్టుకతోనే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఏ మందుకూ అది వదలదు. పైగా ఎలుక రోగనిరోధక వ్యవస్థ దాన్ని తనదే అనుకుంటుంది. వైరస్ శాశ్వతంగా పోతుందా అన్న ప్రశ్న ఈ ఎలుకను అడగకండి.

రెండోది హైడ్రోడైనమిక్ ఇంజెక్షన్, మూడోది ఏఏవీ అనే వాహక వైరస్ (వెక్టర్) మీద హెపటైటిస్ బి జన్యువును పంపడం. ప్రత్యేకమైన ఎలుక జాతి అక్కర్లేదు కాబట్టి ఒక మోస్తరు ల్యాబ్‌కు ఈ రెండే చేతికందుతాయి. వీటి గురించి కింద వివరంగా రాస్తాను.

నిజమైన ఇన్ఫెక్షన్, నిజమైన సీసీసీ డీఎన్‌ఏ కావాలంటే మనిషి కాలేయ కణాలు అతికించిన ఎలుక కావాలి. యూపీఏ-స్కిడ్, ఎఫ్‌ఆర్‌జీ, టీకే-నాగ్ అనే రకాలు ఇవే. ఖరీదు చాలా ఎక్కువ, చేయి తిరిగినవాళ్లు కావాలి, పైగా ఎలుకకు రోగనిరోధక శక్తి ఉండదు. వైరస్ కణంలోకి దూరకుండా అడ్డుకునే బులెవిర్టైడ్‌ను 2008లో ఇలాంటి ఎలుకల్లోనే చూపించారు. 2020లో యూరప్‌లో హెపటైటిస్ డికి దానికి షరతులతో అనుమతి వచ్చింది. మీ మందు ప్రవేశాన్ని అడ్డుకునేదైతే పైన చెప్పిన మూడు ఎలుకలూ పనికిరావు. వాటిలో ప్రవేశం అనే మెట్టే లేదు.

బాతులో దాని సొంత చుట్టపు వైరస్ ఉంది, 1980లో బయటపడింది. గుడ్డు పొదిగి బయటికొచ్చిన తొలి రోజుల్లో పెకిన్ బాతుపిల్లకు సోకిస్తే దాదాపు అన్నీ జీవితాంతం వైరస్‌ను మోస్తాయి. పెద్ద బాతులు మాత్రం ఎక్కువగా వదిలించుకుంటాయి. కాలేయంలో సీసీసీ డీఎన్‌ఏ పుష్కలంగా దొరుకుతుంది. ఈ కుటుంబం వైరస్‌లు రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌తో పెరుగుతాయని 1982లో సమ్మర్స్, మేసన్ తేల్చింది బాతు వైరస్‌తోనే. లోపాలూ ఉన్నాయి. కాలేయం పెద్దగా చెడదు, క్యాన్సర్ రాదు. మనుషులకు వాడే ఎలైజా కిట్ (వైరస్ ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) బాతు వైరస్‌ను పట్టదు, పరీక్షలన్నీ మీరే తయారుచేసుకోవాలి. వైరస్ తల్లి నుంచి గుడ్డులోకి వెళుతుంది కాబట్టి కొన్న ప్రతి పిల్లకూ ముందు పీసీఆర్ చేయండి.

వుడ్‌చక్ అమెరికాలో ఉండే ఉడుత కుటుంబపు బొద్దు జంతువు. ఫిలడెల్ఫియా జూలో కాలేయ క్యాన్సర్‌తో చనిపోతున్న వుడ్‌చక్‌లను చూసి సమ్మర్స్ బృందం 1978లో దాని వైరస్‌ను కనిపెట్టింది. పుట్టగానే సోకిస్తే సగం కంటే ఎక్కువ పిల్లలకు దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ నిలుస్తుంది, వాటిలో దాదాపు అన్నిటికీ రెండు మూడేళ్లలో క్యాన్సర్ వస్తుంది. మనిషి జబ్బుకు ఇంత దగ్గరగా వచ్చే జంతువు మరొకటి లేదు. కానీ మన దేశంలో దీన్ని పెంచే ల్యాబ్ దొరకడం కష్టం, విదేశీ సహకారం ఉంటేనే ఆలోచించండి. ఎంటెకవిర్‌ను ముందు రోజూ, తర్వాత వారానికోసారి నెలల తరబడి ఇచ్చిన అధ్యయనం వీటిలోనే జరిగింది, 2001లో అచ్చయింది. వైరస్ బాగా పడిపోయింది, సీసీసీ డీఎన్‌ఏ కూడా తగ్గింది, జంతువులు ఎక్కువకాలం బతికాయి. మందు ఆపిన చాలావాటిలో వైరస్ తిరిగొచ్చింది.

చింపాంజీ గురించి ఆలోచించనక్కర్లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2015లో ఆ పరిశోధనకు తలుపులు మూసేసింది.

అనుమతులు, టీకా

జంతు నీతి కమిటీకి, అంటే ఐఏఈసీకి, ఫార్మ్ బి అనే దరఖాస్తు పెట్టాలి. కమిటీ ముందుగా అడిగేది "ఇన్ని జంతువులు ఎందుకు" అని. సంఖ్యకు లెక్క చూపించండి, "గత పేపర్లలో ఇంతే వాడారు" అంటే ఒప్పుకోరు. ప్లాస్మిడ్ (వైరస్ జన్యువు పెట్టిన చిన్న డీఎన్‌ఏ వలయం), ఏఏవీ వాడితే బయోసేఫ్టీ కమిటీ అనుమతి కూడా కావాలి. ఈ రెండు కమిటీలూ వేర్వేరు నెలల్లో కూర్చుంటాయి, కాబట్టి రెండు అప్లికేషన్లూ ఒకేసారి కదిలించండి.

కేజ్‌లు కడిగేవాళ్లతో సహా ఆ గదిలోకి వెళ్లే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి టీకా పూర్తయి ఉండాలి. 0, 1, 6 నెలల మూడు డోసులు, ఆ తర్వాత యాంటీబాడీ మి.లీ.కి 10 మిల్లీ యూనిట్లు దాటిందని రిపోర్టు. ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతుకుతుంది. మన దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది, ఇప్పుడు టీకా దొరక్కపోవడం అన్న సమస్యే లేదు. ఆరు నెలల షెడ్యూల్ కాబట్టి ఫార్మ్ బి రాసే రోజే మొదటి డోస్ వేయించుకోండి.

వైరస్‌ను కాలేయంలోకి చేర్చడం

హైడ్రోడైనమిక్ ఇంజెక్షన్ చదివితే సులువుగా ఉంటుంది, చేస్తే చెమట పడుతుంది. ఎలుక బరువులో 8 నుంచి 10 శాతం ద్రవాన్ని తోక సిరలోకి 5 నుంచి 8 సెకన్లలో ఎక్కించాలి. 20 గ్రాముల ఎలుకకు అది 1.6 నుంచి 2 మి.లీ. అందులో 10 మైక్రోగ్రాముల ప్లాస్మిడ్ కలుపుతారు. అంత ద్రవం ఒక్కసారిగా గుండె దగ్గరికి చేరి, తట్టుకోలేక వెనక్కి మళ్లి కాలేయంలోకి తోసుకొస్తుంది. ఆ ఒత్తిడికే ప్లాస్మిడ్ కణాల్లోకి దూరుతుంది.

సెలైన్ ఫ్రిజ్ లోంచి తీసి వెంటనే వాడకండి, గది వేడికి రానివ్వండి. తోకను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే సిర ఉబ్బి కనిపిస్తుంది. సిరంజిలో బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. సూదిని తోక చివరి వైపు నుంచి మొదలుపెట్టండి, మొదటి ప్రయత్నం పోతే ఇంకాస్త పైన చోటు మిగిలి ఉంటుంది. పిస్టన్ నొక్కేటప్పుడు సూది దగ్గర చర్మం తెల్లబడి ఉబ్బిందంటే ద్రవం సిరలోకి పోవడం లేదు. ఆపేయండి, ఆ ఎలుకను లెక్కలోంచి తీసేసి నోట్‌బుక్‌లో రాయండి. సగం ద్రవం పోయినదాన్ని "పర్లేదులే" అని గ్రూపులో కలిపితే రెండు నెలల తర్వాత గ్రాఫ్‌లో అది మిమ్మల్ని వెక్కిరిస్తుంది. ఇంజెక్షన్ బాగా పడ్డ ఎలుక కొన్ని నిమిషాలు కదలకుండా, ఆయాసపడుతూ పడుకుంటుంది. పక్కన వెచ్చగా ఉంచి తేరుకునేదాకా చూడండి. ఈ పని నేర్చుకోవడానికి ముందు వట్టి సెలైన్‌తో, అనుభవమున్నవాళ్ల పక్కన నిలబడి చేయండి. ఆ శిక్షణ ఎలుకలను కూడా ఫార్మ్ బిలో చూపించాలి.

ఎలుక జాతి కూడా ముఖ్యం. సీ57బీఎల్/6 ఎలుకలో పీఏఏవీ-హెచ్‌బీవీ1.2 ప్లాస్మిడ్ వాడితే కొన్నిటిలో వైరస్ నెలల తరబడి నిలుస్తుంది. 2006 నాటి తైవాన్ అధ్యయనంలో దాదాపు 40 శాతం ఎలుకల్లో ఆరు నెలలు దాటింది. బాల్బ్-సీ ఎలుకల్లో కొద్ది వారాల్లోనే పోతుంది. మందు ఆపాక చూడాల్సింది ఏదైనా ఉంటే బాల్బ్-సీతో ఆ పని కాదు.

ఇంజెక్షన్ వేసిన మర్నాడు ఏఎల్‌టీ ఆకాశానికి ఎగురుతుంది. అది వైరస్ చేసిన పని కాదు, ద్రవం ఒత్తిడి దెబ్బ. కొద్ది రోజుల్లో దిగిపోతుంది. మొదటి వారం ఏఎల్‌టీని వ్యాఖ్యానించకండి. అలాగే తొలి రోజుల్లో సీరంలో మీరెక్కించిన ప్లాస్మిడ్డే తిరుగుతూ ఉంటుంది. డీఎన్‌ఏ తీసే ముందు సీరంను డీఎన్‌ఏజ్‌తో శుభ్రం చేస్తే బయట తిరిగే ప్లాస్మిడ్ ముక్కలు పోయి, వైరస్ గూట్లో ఉన్న డీఎన్‌ఏ మిగులుతుంది.

ఏఏవీ దారి దీనికంటే నెమ్మదైనది, నమ్మకమైనది. మామూలు తోక ఇంజెక్షన్ చాలు. మూడు నాలుగు వారాల్లో సర్ఫేస్ యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రోటీన్), వైరస్ డీఎన్‌ఏ ఒక స్థాయికి చేరి నెలలపాటు అక్కడే ఉంటాయి. బడ్జెట్ ఉంటే నేనైతే మందు పరీక్షకు ఏఏవీనే ఎంచుకుంటాను. హైడ్రోడైనమిక్‌లో ఇంజెక్షన్ వేసే నేర్పును బట్టి వచ్చే తేడా మందు వల్ల వచ్చే తేడాను మింగేస్తుంది.

ఇన్ఫెక్షన్ స్థిరపడ్డాకే మందు మొదలుపెట్టండి

ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మన పొలం గట్ల మీద పెరిగే నేల ఉసిరి కథ ఉంది. కామెర్లకు మన ఊళ్లలో నేల ఉసిరి పసరు తాగించడం పాత అలవాటు. 1987లో ఫిలడెల్ఫియాలో వెంకటేశ్వరన్, మిల్‌మన్, బ్లంబర్గ్ ఈ మొక్క సారాన్ని వుడ్‌చక్‌లకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఆ బ్లంబర్గ్ హెపటైటిస్ బి యాంటిజెన్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్నాయనే. కొత్తగా వైరస్ సోకిన నాలుగు జంతువుల్లో మూడింటిలో కొద్ది వారాల్లోనే యాంటిజెన్ మాయమైంది. చాలాకాలంగా వైరస్ మోస్తున్నవాటిలో తగ్గింది గానీ పోలేదు.

మరుసటి ఏడు మద్రాసులో త్యాగరాజన్ బృందం మనుషుల్లో చేసిన పరీక్షలో మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి సర్ఫేస్ యాంటిజెన్ పోయింది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. బాతుల్లో కూడా ఈ మొక్క వైరస్‌ను వదిలించలేదు.

మందు మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి. మీ ప్లాన్‌కు పనికొచ్చే సంగతి వేరే ఉంది. కొత్తగా సోకిన జంతువు ఏ మందూ లేకుండా కూడా వైరస్‌ను వదిలించుకోగలదు. దీర్ఘకాలికంగా నిలిచిన జంతువు అలా వదిలించుకోవడం అరుదు. కాబట్టి కనీసం రెండు వేర్వేరు వారాల్లో సీరం తీసి, వైరస్ డీఎన్‌ఏ, సర్ఫేస్ యాంటిజెన్ స్థిరంగా ఉన్నాయని తేలిన జంతువులనే గ్రూపుల్లోకి తీసుకోండి. ఎదిగీ ఎదగని ఇన్ఫెక్షన్ మీద మందు వేస్తే వచ్చే అద్భుతం మందుది కాకపోవచ్చు.

గ్రూపులు, డోస్

స్థిరపడ్డ ఎలుకలను వైరస్ స్థాయిని బట్టి వరుసలో పెట్టి, ప్రతి గ్రూపుకూ ఎక్కువవీ తక్కువవీ సమానంగా వచ్చేలా లాటరీ వేయండి. మగ ఎలుకల్లో ఈ వైరస్ ఆడవాటికంటే ఎక్కువ తయారవుతుంది, కాబట్టి ఒక గ్రూపులో మగవి, మరో గ్రూపులో ఆడవి ఎక్కువ కాకుండా చూడండి. గ్రూపుకు ఎనిమిదికి తగ్గితే సంఖ్యలు ఊగిపోతాయి. డోస్ ఇచ్చేవాళ్లకూ పీసీఆర్ చేసేవాళ్లకూ ఏ కేజ్ ఏ గ్రూపుదో తెలియకుండా కోడ్ పెట్టండి.

వెహికల్ గ్రూపు (మందు లేని ద్రవం మాత్రమే), స్టాండర్డ్‌గా ఎంటెకవిర్ గ్రూపు, మీ మందు రెండు డోసులు. వీలైతే మీ మందు, ఎంటెకవిర్ కలిపి ఇచ్చే గ్రూపు ఒకటి. ఇప్పటి పరిస్థితిలో ఏ కొత్త మందైనా రోగికి చాలామటుకు దానితో కలిపే ఇస్తారు.

ఎంటెకవిర్ డోస్ లెక్క ఇలా. మనిషికి రోజుకు 0.5 మి.గ్రా. 60 కిలోల మనిషి అనుకుంటే కిలోకు 0.0083 మి.గ్రా. శరీర ఉపరితలం లెక్కన ఎలుకకు 12.3తో గుణించాలి, కిలోకు సుమారు 0.1 మి.గ్రా. వస్తుంది. 25 గ్రాముల ఎలుకకు అది 2.5 మైక్రోగ్రాములు. నోటి ద్వారా కిలోకు 10 మి.లీ. లెక్కన 0.25 మి.లీ. ఇస్తాం కాబట్టి ద్రావణం మి.లీ.కి 0.01 మి.గ్రా. ఉండాలి. 10 మి.గ్రా. తూచి లీటరు నీళ్లలో కలిపితే సరిపోతుంది. ఒక మి.గ్రా. తూచడానికి మాత్రం ప్రయత్నించకండి, మామూలు బ్యాలెన్స్ దాన్ని నమ్మకంగా చూపించదు. బిళ్ల నూరి వాడొద్దు, శుద్ధమైన ఏపీఐ (బిళ్లలో కలిపే అసలు మందు పదార్థం) తీసుకోండి. హైదరాబాద్ చుట్టూ ఇన్ని ఏపీఐ కంపెనీలున్నాయి, కాలేజీ లెటర్‌హెడ్ మీద అడిగితే గ్రాము, రెండు గ్రాములు ఇచ్చేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.

మీ మందు ప్రోడ్రగ్ (ఒంట్లోకి వెళ్లాక అసలు మందుగా మారేది) అయితే జాగ్రత్త. ఎలుక ప్లాస్మాలో కార్బాక్సిల్ ఎస్టరేజ్ ఎంజైమ్ చాలా ఎక్కువ. కాలేయానికి చేరేలోపే మందును విరిచేస్తుంది. రెమ్‌డెసివిర్‌ను ఎలుకల్లో చూడటానికి ఆ ఎంజైమ్ లేని ఎలుకలను వాడాల్సి వచ్చింది. అసలు ప్రయోగానికి ముందు నాలుగైదు ఎలుకల్లో మందు రక్తంలోకీ కాలేయంలోకీ ఎంత చేరుతోందో కొలవండి. ఆ అంకె లేకుండా "పనిచేయలేదు" అని రాయడం మందుకు అన్యాయం. ఇంటర్‌ఫెరాన్ సంగతైతే, మనిషిది ఎలుక కణాల మీద సరిగా పనిచేయదు, ఎలుక ఇంటర్‌ఫెరాన్ తెచ్చుకోండి.

మందు నడుస్తున్నప్పుడు

నాలుగు వారాల కోర్సు అనుకోండి. వారానికోసారి రక్తం, అదీ తక్కువ. 25 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తమే 2 మి.లీ. లోపు ఉంటుంది, రెండు వారాల్లో అందులో పదో వంతు మించి తీయకూడదు. అంటే ఒక్కోసారికి 80, 90 మైక్రోలీటర్లు, దాన్నుంచి వచ్చే సీరం 40 దాకా. డీఎన్‌ఏకి, సర్ఫేస్ యాంటిజెన్‌కి, ఏఎల్‌టీకి ఎంతెంత పోతుందో మొదటి రోజే పంచుకోండి. వీలైతే ఎలైజాకు పలచన చేసిన సీరం వాడండి, ఏఏవీ ఎలుకల్లో యాంటిజెన్ ఎలాగూ పలచన చేయకుండా కొలవలేనంత ఉంటుంది.

బరువు వారానికి రెండుసార్లైనా చూడండి. న్యూక్లియోసైడ్ రకం మందైతే లాక్టేట్ కూడా కొలవండి. దీనికి కారణం ఫియాలూరిడిన్. 1993లో అమెరికాలో 15 మంది రోగులకు ఇస్తే ఏడుగురికి కాలేయం దెబ్బతింది, ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. అంతకుముందు ఎలుకలు, కుక్కలు, కోతుల్లో చేసిన పరీక్షలు ఈ ప్రమాదాన్ని పట్టలేదు. తర్వాత వుడ్‌చక్‌లకు 12 వారాలు ఇచ్చి చూస్తే, మొదటి వారాలు బాగానే ఉండి, ఆ తర్వాత తిండి మానేసి, బరువు తగ్గి, లాక్టిక్ ఆమ్లం పెరిగి కాలేయం చెడింది. మందు మైటోకాండ్రియాలోకి దూరి అక్కడి డీఎన్‌ఏను పాడుచేస్తోంది. మనిషి మైటోకాండ్రియా పొర మీద ఆ మందును లోపలికి చేర్చే రవాణా ప్రోటీన్ ఉంది, ఎలుకలో అది అక్కడ లేదు. 2014లో మనిషి కాలేయ కణాలున్న ఎలుకల్లో చూస్తే అదే విషప్రభావం కనిపించింది. నాలుగు వారాల మామూలు ఎలుక పరీక్షలో "సేఫ్" అని రాసే ముందు ఈ కథ గుర్తు చేసుకోండి.

మనిషి కణాలున్న ఎలుక వాడుతుంటే ప్రతిసారీ సీరంలో ఆ కణాలు తయారుచేసే మనిషి ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను కొలవాలి. వైరస్ డీఎన్‌ఏతోపాటు ఆల్బుమిన్ కూడా పడిపోతుంటే మీ మందు వైరస్‌ను చంపడం లేదు, వైరస్ ఉన్న కణాలనే చంపుతోంది. ఈ ఒక్క అంకె ఇవ్వని పేపర్‌ను నేను పక్కన పెట్టేస్తాను.

ఎంటెకవిర్ గ్రూపు మీ కొలతలకు కొలత. ఏఏవీ ఎలుకల్లో అది సీరం డీఎన్‌ఏను రెండు మూడు లాగ్‌లు (ఒక లాగ్ అంటే పది రెట్లు) దించాలి, సర్ఫేస్ యాంటిజెన్‌ను మాత్రం దాదాపు కదపకూడదు. డీఎన్‌ఏ దిగకపోతే డోసో, గవాజో (గొట్టంతో నోటి ద్వారా మందు ఇవ్వడం), పీసీఆరో ఎక్కడో తేడా ఉంది. యాంటిజెన్ కూడా బాగా దిగిపోతే ఎలుకల్లో యాంటీబాడీ పుట్టిందేమో, వెక్టర్ ఉన్న కణాలు పోతున్నాయేమో చూడండి. వెహికల్ గ్రూపులో కూడా అదే జరుగుతుంటే ఆ బ్యాచ్‌ను నమ్మకండి.

మందు ఆపాక

చివరి డోస్ రోజున ప్రతి గ్రూపులో సగం ఎలుకలను సాక్రిఫైస్ చేసి కాలేయం తీసుకోండి. మిగతా సగానికి మందు ఆపి, కనీసం ఎనిమిది వారాలు వారం వారం చూడండి. ఇందుకే గ్రూపు సంఖ్యను మొదట్లోనే రెట్టింపు వేసుకోవాలి. డబ్బులు చాలక ఎక్కువమంది కోసేసేది ఈ భాగాన్నే. కోత పెట్టాల్సి వస్తే రెండో డోస్ గ్రూపును కోయండి, దీన్ని ముట్టుకోకండి.

కాలేయాన్ని ముక్కలుగా చేసి కొంత ఫార్మలిన్‌లో, కొంత ఆర్‌ఎన్‌ఏ ద్రావణంలో, మిగతాది మైనస్ 80లో పెట్టండి. అన్ని ఎలుకల్లోనూ కాలేయంలోని ఒకే లోబ్‌నుంచి ఒకే తీరుగా తీయండి.

సీసీసీ డీఎన్‌ఏ కొలత దగ్గర చాలామంది బోర్లా పడతారు. పీసీఆర్ ప్రైమర్లు మామూలు వైరస్ డీఎన్‌ఏను కూడా కొంత పట్టేస్తాయి, కాబట్టి ముందు టీ5 ఎక్సోన్యూక్లియేజ్ లాంటి ఎంజైమ్‌తో మిగతావాటిని తినిపించాలి. హైడ్రోడైనమిక్ ఎలుకలో ఎక్కించిన ప్లాస్మిడ్ వలయాన్ని ఈ ఎంజైమ్ తినదు. బ్యాక్టీరియాలో పెరిగిన డీఎన్‌ఏను గుర్తుపట్టి కోసే డీపీఎన్-1 కూడా వాడాలి. ఏఏవీ ఎలుకలో వెక్టర్ డీఎన్‌ఏ కలుస్తుంది. అందులో సీసీసీ లాంటి వలయం తయారవుతుందని చూపించారు గానీ, అది మామూలు ఇన్ఫెక్షన్ దారిలో వచ్చింది కాదు. కాబట్టి ఈ రెండు ఎలుకల్లో "సీసీసీ డీఎన్‌ఏ తగ్గించింది" అని గట్టిగా రాయకండి. ఆ మాట రాయాలని ఉంటే బాతో, మనిషి కణాల ఎలుకో కావాలి. డీఎన్‌ఏ రకాలను పరిమాణాన్ని బట్టి విడదీసి చూపే సదరన్ బ్లాట్‌తో ఒక్క జెల్ అయినా చూపిస్తే రివ్యూయర్ నోరు మూతపడుతుంది.

ఫలితాన్ని చదవడం

సీరం సంఖ్యలను లాగ్‌లోకి మార్చి, ప్రతి ఎలుక గీతను విడిగా గీయండి. సగటు గీత ఒక్కటే వేస్తే, ఎనిమిది ఎలుకల్లో రెండు మాత్రమే స్పందించిన సంగతి దాగిపోతుంది.

ఒక చోట పనిచేసింది మరో చోట ఎందుకు పనిచేయకపోవచ్చో చర్చలో రాయడానికి రెండు ఉదాహరణలు ఉపయోగపడతాయి. వెసటోలిమోడ్ రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందు. చింపాంజీల్లో వైరస్‌ను తగ్గించింది, వుడ్‌చక్‌లలో యాంటిజెన్‌ను పోగొట్టింది కూడా. మనుషుల్లో తట్టుకోగలిగిన డోస్‌తో సర్ఫేస్ యాంటిజెన్ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. రెండోది ఏఆర్‌సీ-520 అనే ఎస్ఐఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ ఆర్‌ఎన్‌ఏను పట్టి నాశనం చేసే మందు. ఈ-యాంటిజెన్ అనే వైరస్ ప్రోటీన్ రక్తంలో లేని చింపాంజీల్లో అనుకున్నంత పనిచేయలేదు. ఎందుకని వెతికితే, వాటి సర్ఫేస్ యాంటిజెన్ చాలావరకు సీసీసీ డీఎన్‌ఏ నుంచి కాక, జంతువు క్రోమోజోముల్లో అతుక్కుపోయిన వైరస్ ముక్కల నుంచి వస్తోందని 2017లో తేలింది. మందు గురిపెట్టిన చోటు ఆ ముక్కల్లో లేనేలేదు. ఏఏవీ ఎలుకలో ఆ సంగతి ఎన్నేళ్లు చూసినా కనిపించేది కాదు.

రిపోర్టులో జంతువు జాతి, లింగం, వయసు, ప్లాస్మిడ్ లేదా వెక్టర్ మోతాదు, తీసేసిన ఎలుకల సంఖ్య, ఎందుకు తీసేశారో, మధ్యలో చనిపోయినవాటి వివరం, లాటరీ ఎలా వేశారో అన్నీ రాయండి. మందు ఆపాక ఎన్ని వారాలు చూశారో అబ్‌స్ట్రాక్ట్‌లోనే చెప్పండి. ఆ సీరం, కాలేయం ముక్కలను థీసిస్ సబ్మిట్ అయ్యేదాకా పారేయకండి. వైవాలో ఎవరో ఒకరు పీజీఆర్‌ఎన్‌ఏ (క్యాప్సిడ్‌లో డీఎన్‌ఏగా మారే ఆ ఆర్‌ఎన్‌ఏ) కొలిచారా అని తప్పకుండా అడుగుతారు.